సంగటిముద్ద, ఉప్పుకల్లు, గుండెకాయ

ఈసారి మీ ఇంట్లో కొత్త ఉప్పు పొట్లం విప్పినప్పుడు దానిమీద ఆనాటి తేదీ వేయండి. పొట్లం ఖాళీ అయిన రోజున తేదీ చూసుకోండి. మధ్యలో ఎన్ని రోజులు గడిచాయో, ఇంట్లో ఎంతమంది భోంచేస్తున్నారో తెలిస్తే చాలు, ఎనిమిదో తరగతి లెక్కతో ఒక పెద్ద సంగతి బయటపడుతుంది. నలుగురున్న ఇంట్లో కిలో పొట్లం 28 రోజులకు అయిపోయిందనుకోండి. 1000 గ్రాములను 28తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 4తో భాగించండి. మనిషికి రోజుకు దాదాపు 9 గ్రాములు. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన అదే పొట్లం అదే ఇంట్లో 50 రోజులు రావాలి!

ఇది మోటు లెక్కే. ఆవకాయ పెట్టిన నెలలో తలకిందులవుతుంది. కూర మిగిలి పారబోస్తే ఆ ఉప్పు మన కడుపులోకి పోలేదు. అంగట్లో కొన్న కారాలు, నిప్పట్లలోని ఉప్పు ఈ పొట్లంలోది కాదు. అయినా లెక్క మరీ తప్పిపోదు. 2017లో వెలువడిన ఒక సర్వే ఫలితాలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోను, ఢిల్లీ-హర్యానా ప్రాంతంలోను కలిపి 1395 మందిని పరీక్షించారు. ఢిల్లీ-హర్యానావాళ్ళు సగటున రోజుకు 8.59 గ్రాముల ఉప్పు తింటున్నారనీ, మన ఆంధ్రప్రదేశ్‌వాళ్ళు 9.46 గ్రాములు తింటున్నారనీ తేలింది.

"నువ్వెంత ఉప్పు తింటావు?" అని అడిగితే ఎవరు మాత్రం చెప్పగలరు? అందుకే శాస్త్రజ్ఞులు మనిషిని అడగరు, మూత్రాన్ని అడుగుతారు. మనం తిన్న సోడియంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు మూత్రం ద్వారానే బయటికి పోతుంది. ఒక పూర్తి రోజు, అంటే 24 గంటలు, విడిచిన మూత్రమంతా సీసాల్లో పట్టి, అందులో సోడియం ఎంతుందో కొలిస్తే తిన్న ఉప్పు ఎంతో తెలిసిపోతుంది. నవ్వు వచ్చే పనే. కానీ ఇంతకంటె నమ్మకమైన పద్ధతి లేదు.

నాలుగు గ్రాములు ఎక్కువైతే మునిగిపోయిందేమిటి అంటారా? 2003-04లో గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, ఒక ఏడాది పాటు ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి కనుక్కున్నారు. 1354 మరణాలు లెక్కకు వచ్చాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్ల కలిగినవే. గుండెజబ్బు పట్నంలో కూర్చుని తినే షావుకార్ల జబ్బు అనుకునేవారు మా చిన్నప్పుడు. ఆ మాట ఏనాడో చెల్లిపోయింది. దేశం మొత్తం మీద 20 ఏళ్ళు దాటినవారిలో 35.5 శాతం మందికి రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన పెద్ద సర్వేలో తేలింది. ఆ లెక్కలు 2023లో వచ్చాయి. రక్తపోటు ఉన్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. పక్షవాతమో గుండెపోటో వచ్చినరోజున కొలిచి చూస్తే అప్పుడు బయటపడుతుంది.

ఉప్పుకూ గుండెకూ మధ్య ఏముందో తెలియాలంటే ముందుగా ఒక కప్ప గుండె దగ్గరికి పోవాలి.

కుళాయి నీళ్ళు చేసిన ఉపకారం

1882 ప్రాంతంలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను శరీరంనుంచి వేరుచేసి, ఉప్పునీటిలో ఉంచి, అది కొట్టుకోవడాన్ని పరిశీలిస్తూ ఉండేవాడు. ఉప్పునీటిలో గుండె చాలాసేపు చక్కగా కొట్టుకుంది. సోడియం క్లోరైడ్ ఉంటే చాలు కాబోలు అనుకున్నాడాయన. తరవాత తెలిసిందేమిటంటే, ఆ ద్రావణాన్ని తయారుచేసిన సహాయకుడు స్వేదనజలానికి బదులు కుళాయి నీళ్ళు వాడాడు! రింగర్ స్వేదనజలంతో ద్రావణం చేయించి మళ్ళీ చూశాడు. కాసేపటికే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్నదీ స్వేదనజలంలో లేనిదీ ఏమిటి? కాల్షియం. కొద్దిగా కాల్షియం లవణం కలపగానే గుండె తిరిగి కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాల్షియం ఒక్కటే సరిపోదు, దానికి పగ్గం వేయడానికి కొంచెం పొటాషియం కూడా కావాలి అని కూడా ఆయనే కనిపెట్టాడు. ఆస్పత్రుల్లో సెలైను సీసాల్లో ఎక్కించే 'రింగర్ లాక్టేట్' ఈయన పేరు మీదిదే.

ఈ కథంటే నాకు చాలా ఇష్టం. ప్రయోగశాలలో పొరపాటు జరగడం వింత కాదు. ఆ పొరపాటును పట్టుకుని, దాని వెనక ఏముందని ఆరా తీయడమే గొప్ప.

గుండెకు సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఈ నాలుగూ ఎందుకు కావాలి? మన శరీరంలోని ప్రతి జీవకణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. రక్తంలో లీటరుకు సోడియం 140 పాళ్ళుంటే పొటాషియం 4 పాళ్ళే. కణం లోపల చూస్తే పొటాషియం సుమారు 140 పాళ్ళు, సోడియం పదో పదిహేనో. ఈ తేడా ఊరికే నిలబడదు. కణం గోడలో చిన్న చిన్న పంపులున్నాయి. అవి ఒక్కో విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతాయి. ఈ పంపును డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో కనిపెట్టాడు. నలభై ఏళ్ళ తరవాత, 1997లో, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. లోపలా బయటా ఉన్న ఈ తేడాయే కణానికి ఒక చిన్న బ్యాటరీ. సోడియం గబుక్కున లోపలికి దూకితే నాడిలో సంకేతం పుడుతుంది. కాల్షియం దూకితే గుండె కండరం ముడుచుకుంటుంది. పొటాషియం బయటికి నడిస్తే మళ్ళీ వదులవుతుంది. నిమిషానికి 72 చొప్పున రోజుకు లక్షసార్లకు పైగా ఈ తతంగం నడుస్తుంది.

పంపు నడవాలంటే ఇంధనం కావాలి కదా! ఆ ఇంధనం ఏ.టి.పి. దీని కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1929లో వీరిద్దరూ కండరంలో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా గుర్తించాడు. ఈ ఏ.టి.పి. కణంలో ఒంటరిగా పనిచేయదు. దానికి ఒక మెగ్నీషియం అయాను అతుక్కుని ఉండాలి. మెగ్నీషియం లేని ఏ.టి.పి. పిడి లేని కొడవలి లాంటిది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మధుమేహం దగ్గర మళ్ళీ పని పడుతుంది.

మూత్రపిండాల పాత అలవాటు

రక్తంలో సోడియం ఎంతుండాలో కాపలా కాసేవి మూత్రపిండాలు. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో కరిగి ఉన్న ఉప్పు ఎంతో లెక్కవేయండి: దాదాపు ఒకటిన్నర కిలో! ఆ ఉప్పులో నూటికి తొంభైతొమ్మిది వంతులు మళ్ళీ రక్తంలోకి లాగేసుకుంటాయి. పిసినారి షావుకారు కూడా ఇంత గట్టిగా పట్టుకోడు.

ఎందుకింత పిసినారితనం? మనిషి పుట్టిన లక్షల ఏళ్ళలో ఉప్పు అంగడి అన్నదే లేదు. కాయలు, ఆకులు, దుంపలు, వేటాడిన మాంసం, ఇవే తిండి. వీటిలో పొటాషియం పుష్కలం, సోడియం అరుదు. కనుక దొరికిన సోడియాన్ని దాచుకోవడం, ఎక్కువైన పొటాషియాన్ని పారబోయడం మూత్రపిండాలకు అలవాటైపోయింది. ఇప్పటికీ దక్షిణ అమెరికా అడవుల్లోని యానోమామి తెగవాళ్ళు ఉప్పు వేసుకోరు. 1988లో 32 దేశాల్లో 52 చోట్ల పదివేలమందికి పైగా జనాన్ని పరీక్షించిన 'ఇంటర్‌సాల్ట్' అనే అధ్యయనంలో వీళ్ళ మూత్రంలో సోడియం దాదాపు లేదనే చెప్పాలి. వీళ్ళకు వయసు మీదపడినా రక్తపోటు పెరగదు. మన దగ్గర "ముసలితనంలో బి.పి. మామూలే కదా" అంటాం. అది మామూలేమీ కాదన్నమాట. అయితే వాళ్ళు ఉప్పు తినకపోవడం ఒక్కటే కాదు, సన్నగా ఉంటారు, రోజంతా నడుస్తారు. ఉప్పు ఒక్కదానికే కీర్తి అంతా కట్టబెట్టడం న్యాయం కాదు. ఆ అధ్యయనంలో మన దేశంనుంచి ఢిల్లీ, లడఖ్ ఉన్నాయి. తెలుగునాడు లేదు.

ఇప్పుడు ఆ పాత అలవాటున్న మూత్రపిండాలకు రోజుకు 9 గ్రాముల ఉప్పు పెడితే ఏమవుతుంది? ఉప్పుతోపాటు నీరు కూడా ఒంట్లో నిలుస్తుంది. రక్తం పరిమాణం పెరుగుతుంది. తోటకు నీళ్ళు కట్టే గొట్టంలో నీరు ఎక్కువైతే గొట్టం బిగుసుకున్నట్టు ధమనులమీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి గోడలు మందమై గట్టిపడతాయి. గుండె ఎక్కువ బలంతో తోయాల్సి వస్తుంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తెలియని సగం కథ పొటాషియానిది. మూత్రపిండంలోని సన్నని గొట్టాలలో ఒకచోట సోడియాన్ని వెనక్కి లాగే ద్వారం ఒకటుంది. తిండిలో పొటాషియం బాగా అందినప్పుడు, దాన్ని బయటికి పంపాల్సిన పని ఉంటుంది కనుక ఆ ద్వారం కొంత మూసుకుంటుంది. అప్పుడు సోడియం వెనక్కి రాకుండా కిందికి సాగిపోయి మూత్రంలో కలుస్తుంది. పొటాషియం చాలనప్పుడు ఇది తిరగబడుతుంది. ద్వారం బార్లా తెరుచుకుని, ఒంట్లో ఉప్పు దండిగా ఉన్నా సరే, ఇంకా ఇంకా వెనక్కి లాగుతూనే ఉంటుంది! కనుక ఉప్పు ఎక్కువ తినడం ఒక తప్పయితే, పొటాషియం తక్కువ తినడం దానికి తోడుపడే రెండో తప్పు. మనం ఈ రెండూ ఒక్కసారే చేస్తున్నాం.

మనకు రోజుకు కావలసిన పొటాషియం సుమారు 3500 మిల్లీగ్రాములు. సోడియం 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. 9 గ్రాముల ఉప్పులో సోడియం ఎంతుంటుందో తెలుసా? దాదాపు 3500 మిల్లీగ్రాములు. పొటాషియం ఉండవలసినంత సోడియం తింటున్నాం.

ముద్ద పోయి మెతుకు వచ్చింది

కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ముసలమ్మనైనా "చిన్నప్పుడు ఏం తినేవారవ్వా?" అని అడగండి. సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, ఉలవచారు, బెల్లం కలిపిన శెనక్కాయలు అంటుంది. వరన్నం పండక్కో పబ్బానికో. చెరువు కింద మడి ఉన్నవాడికే బియ్యం. వాన సరిగ్గా పడని ఈ నేలలో రాగి, కొర్ర తప్ప ఇంకేం పండుతాయి?

తరవాత రెండు మార్పులు వచ్చాయి. మెట్ట చేలన్నీ శెనక్కాయ పంటకు మళ్ళాయి. చేలో ధాన్యం తగ్గి చేతిలో డబ్బు వచ్చింది, వాన కురిసిన ఏడాది మాత్రమే అనుకోండి. రెండోది 1983లో మన రాష్ట్రంలో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం. కరువు సీమలో ఆకలి తీర్చిన పథకాన్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. ఆకలిమీద ఉన్నవాడికి మెగ్నీషియం పాఠం చెప్పకూడదు. కానీ ఒక తరం గడిచేసరికి ముద్ద పోయి మెతుకు వచ్చింది, దానితోపాటు కంచంలోని ఖనిజాలు కూడా మారిపోయాయి. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు.

ఎంత మారాయో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో చూడవచ్చు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 146, పొటాషియం 443. అంతే బరువున్న మరపట్టిన తెల్లబియ్యంలో కాల్షియం 7, మెగ్నీషియం 19, పొటాషియం 108. కాల్షియంలో దాదాపు 50 రెట్ల తేడా! బియ్యపు గింజలో మొదటినుంచీ ఇంత తక్కువేమీ లేవు. ఖనిజాలు ఎక్కువగా పై పొరలోనూ మొలకలోనూ ఉంటాయి. మర ఆడించి తెల్లగా చేసినప్పుడు అవి తవుడుతో పాటు ఎద్దుల తొట్టిలోకి పోతాయి. తవుడు తిన్న ఎద్దు మనకంటె తెలివైనదేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు.

ఒక చిన్న కూడిక చేద్దాం. రోజుకు 400 గ్రాముల తెల్లబియ్యం వండుకుని, ఊరగాయతోనూ నీళ్ళచారుతోనూ తిన్నవారికి బియ్యంనుంచి దొరికే పొటాషియం 430 మిల్లీగ్రాములే. మరొకరు 150 గ్రాముల రాగిపిండి సంగటి, 50 గ్రాముల కందిపప్పు, 100 గ్రాముల తోటకూర, 30 గ్రాముల శెనక్కాయలతో ఊరిబిండి, ఒక అరటిపండు తిన్నారనుకోండి. పొటాషియం వరసగా 660, 500, 570, 200, 350. కలిపితే 2200 దాటింది! పైన మజ్జిగ, చింతపండు పులుసు, ఏదో ఒక కూరగాయ ఉండనే ఉన్నాయి. చింతపండులో కూడా పొటాషియం బాగానే ఉంది. హిందూపురం మార్కెట్టులో గుట్టలుగా పోసే ఆ చింతపండులోనే! ఉలవల్లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, 150 దాకా మెగ్నీషియం. గుర్రాలకు పెడతారని మనం చిన్నచూపు చూసే గింజ ఇది. ఆకుకూర ఉడికించి నీళ్ళు వార్చేస్తే పొటాషియం ఆ నీళ్ళతోనే పోతుంది. పప్పులో వేసి వండుకునే మన పద్ధతే మంచిది.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగిజావ పోయడం మొదలుపెట్టారు. ముక్కు మూసుకుని తాగేవాళ్ళు మా బడిలోనూ ఉన్నారు. తాగిన గ్లాసులో ఏముందో తెలిస్తే కొంచెం ఇష్టంగా తాగుతారని నా ఆశ.

మెగ్నీషియం సంగతి

ఏ.టి.పి.కి మెగ్నీషియం అతుక్కుని ఉండాలన్నాం. భోజనం చేశాక రక్తంలోకి చక్కెర చేరుతుంది. ఇన్సులిన్ వచ్చి కండర కణం తలుపు తడుతుంది. తలుపు దగ్గర ఉన్న గ్రాహకం ఆ కబురు లోపలికి అందించాలంటే మెగ్నీషియంతో కూడిన ఏ.టి.పి. కావాలి. మెగ్నీషియం చాలకపోతే కబురు నీరసంగా అందుతుంది, చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ఇందులో ఒక విషవలయం కూడా ఉంది. రక్తంలో చక్కెర బాగా పెరిగి మూత్రంలోకి పోయేటప్పుడు తనతో పాటు మెగ్నీషియాన్ని కూడా లాక్కుపోతుంది. మెగ్నీషియం తగ్గితే ఇన్సులిన్ పని ఇంకా మందగిస్తుంది.

దీన్నిబట్టి "సంగటి తింటే షుగరు రాదు" అని తీర్పు చెప్పేయకండి. ఆ మాట నేను చెప్పడం లేదు. మెగ్నీషియం ఎక్కువున్న తిండి తినేవారిలో మధుమేహం తక్కువగా కనిపిస్తుందని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. కానీ అలా తినేవాళ్ళు పీచు కూడా ఎక్కువే తింటారు, వేరే విధాలుగా కూడా జాగ్రత్తగా ఉంటారు. సంగటిముద్దలోనూ పిండిపదార్థం ఉంది. మూడు ముద్దలు లాగించి పడుకుంటే చక్కెర పెరగక ఏమవుతుంది? మాత్రలు మింగి మెగ్నీషియం పెంచుకుందామనుకోవడం కూడా తొందరపాటే. గింజలు, పప్పులు, ఆకుకూరలు తినడం వేరు, అందులోంచి ఒక ఖనిజాన్ని వేరుచేసి మింగడం వేరు.

ఉప్పు దాక్కునే చోట్లు

పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా రొట్టెల్లోనూ, డబ్బాల్లో కొన్న తిండిలోనూ వస్తుంది. మనకు ముఖ్యంగా మన వంటింట్లోంచే వస్తుంది. ఒకందుకు ఇది మంచిదే, తాళంచెవి మన చేతిలోనే ఉందన్నమాట. ఊరగాయల బరువులో సుమారు పదో వంతు ఉప్పే. పూటకు పది గ్రాముల చొప్పున రెండు పూటలా వేసుకుంటే రెండు గ్రాముల ఉప్పు అక్కడే అయింది. అప్పడాల్లో ఉప్పుతోపాటు అప్పడాలకారం కూడా వేస్తారు, అదీ సోడియం లవణమే. బజ్జీల్లో వేసే వంటసోడా కూడా అంతే. పైకి ఉప్పగా లేకపోయినా సోడియం ఉండవచ్చు.

అంగట్లో కొన్న చిప్సు పొట్లం వెనక 'సోడియం' అని మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 2 గ్రాముల ఉప్పు. పొట్లం వెనక ఉన్న ఈ చిన్న అక్షరాలు చదివే అలవాటు మీకు అబ్బితే పరీక్ష మార్కులకంటె ఎక్కువ సంతోషిస్తాను.

సైంధవ లవణం, ఇందుప్పు, గులాబిరంగు ఉప్పు అని ఈమధ్య జనం ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. అందులో వేరే ఖనిజాలు ఉన్నమాట నిజమే, కానీ అణుమాత్రం. మిగిలినదంతా మామూలు సోడియం క్లోరైడే. రంగు చూసి మోసపోవడమే. పైగా దానిలో చాలావరకు అయోడిన్ కలిపి ఉండదు. అయోడిన్ లేకపోతే గొంతుకింద గవదలాగా థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది, పిల్లల ఎదుగుదల, చదువు దెబ్బతింటాయి. కనుక తక్కువ ఉప్పు వేసుకోండి, వేసుకునేది అయోడిన్ ఉప్పే వేసుకోండి. మన సీమకు సముద్రం లేదు. ఒకప్పుడు ఉప్పరులు చౌడు మట్టిని నీటితో కడిగి, ఆ నీటిని ఎండబెట్టి మట్టి ఉప్పు తీసేవారు. బ్రిటిషువారి ఉప్పు చట్టాలు ఆ వృత్తిని చంపేశాయి. అంత కష్టపడి తీసిన ఉప్పును జనం ఎంత పొదుపుగా వాడి ఉంటారో ఊహించుకోండి.

మరి ఎండలో శెనక్కాయ పీకే కూలీకి ఉప్పు అక్కర్లేదా? అక్కరే. ఒక లీటరు చెమటతో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. ఎండకు అలవాటుపడ్డ ఒంట్లోంచి ఇంకా తక్కువే పోతుంది. రోజంతా చెమటోడ్చేవారు ఉప్పు వేసిన మజ్జిగ తాగడం తెలివైన పని. చిక్కేమిటంటే, పొలంలో చెమటోడ్చిన తాతయ్య నాలుకకు అలవాటైన ఉప్పు, ఫ్యాను కింద పనిచేసే మనవడి నాలుకకూ వారసత్వంగా వచ్చింది. చెమట మాత్రం రాలేదు. నాలుకను మార్చలేమా? మార్చవచ్చు. ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక ఆ రుచికి అలవాటుపడుతుంది. ఒక్కసారే సగం చేస్తే ఇంట్లో యుద్ధం వస్తుంది.

సిద్దిపేట పల్లెల్లో ప్రయోగం

ఉప్పు తగ్గించమని డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు, వినేవారు తక్కువ. అప్పుడు కొందరు శాస్త్రజ్ఞులకు వేరే ఆలోచన తట్టింది. ఉప్పు తగ్గించకుండా ఉప్పునే మారిస్తే? సోడియం క్లోరైడులో కొంత భాగం తీసేసి, ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలిపితే ఒక దెబ్బకు రెండు పనులు జరుగుతాయి: సోడియం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది.

దీన్ని తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో 7 గ్రామాల్లో పరీక్షించారు. రక్తపోటు ఉన్న 502 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు ఉప్పు ఇచ్చారు, రెండో జట్టుకు 70 పాళ్ళు సోడియం క్లోరైడ్, 30 పాళ్ళు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు ఇచ్చారు. ఏ పొట్లంలో ఏముందో తినేవారికీ తెలియదు, రక్తపోటు కొలిచేవారికీ తెలియదు. ఇలా ఎందుకంటే, తెలిస్తే మనసు మోసం చేస్తుంది. మూడు నెలల తరవాత చూస్తే, మార్చిన ఉప్పు తిన్న జట్టులో రక్తపోటు పై అంకె రెండో జట్టుతో పోల్చితే 4.6 మిల్లీమీటర్లు తగ్గింది. ఫలితం 2021లో ప్రచురించారు. సంగటి మానలేదు, ఆవకాయ మానలేదు, కంచంలో మరేమీ మారలేదు, పొట్లం ఒక్కటే మారింది!

4.6 అంటే చిన్న అంకె అనిపిస్తుంది. అదే ఏడాది చైనానుంచి వచ్చిన మరో ఫలితం చూస్తే దాని విలువ తెలుస్తుంది. అక్కడ 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో ఇలాంటి ప్రయోగమే సుమారు అయిదేళ్ళు నడిపారు. వాళ్ళంతా పక్షవాతం ఒకసారి వచ్చినవారో, 60 ఏళ్ళు దాటి రక్తపోటు ఉన్నవారో. పొటాషియం కలిపిన ఉప్పు తిన్న గ్రామాల్లో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పు వాడవచ్చునని సూచించింది. ఆ సూచన పెద్దవాళ్ళకు మాత్రమే. పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది వర్తించదు. ఈ చివరి మాట చాలా ముఖ్యం. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే, రింగర్ కప్ప గుండెలో చూసినట్టే, గుండెకు పగ్గం మరీ బిగిసి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. రక్తపోటో షుగరో చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో మూత్రపిండాలు తెలియకుండానే చెడి ఉండవచ్చు. కనుక ఈ వ్యాసం చదివి మీ తాతగారి ఉప్పుడబ్బా మార్చేయకండి. ముందు వైద్యుని దగ్గర రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించి, ఆయన వేసుకునే మాత్రల చీటీ చూపించి అడగండి. మామూలు ఉప్పును ఒక చిటికెడు తగ్గించి, పప్పులో ఒక గుప్పెడు ఆకుకూర ఎక్కువ వేయడానికి మీలాంటి ఆరోగ్యవంతులకు ఏ చీటీ అక్కర్లేదు.